నేలను బట్టి చక్రం

బండి ఎంత పెద్దదైనా అది నేలను తాకే చోటు చాలా చిన్నది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు, భూమికి మధ్య ఉన్న సంబంధమంతా నాలుగు అరచేతులంత మేరలో ఇమిడి ఉంటుంది. చోదకుడు త్రొక్కిన బ్రేకు, త్రిప్పిన స్టీరింగు, ఇంజను పుట్టించిన బలం అన్నీ ఆ కొద్దిపాటి చోటు గుండానే నేలకు చేరాలి. అక్కడ పట్టు తప్పితే తక్కిన యంత్రమంతా ఉండీ లేనట్లే. తారురోడ్లు వచ్చిన తరువాత ఈ సంగతిని మనం దాదాపు మరచిపోయాం. తారు ఏ ఊళ్లోనైనా కొంచెం అటూ ఇటూగా ఒక్కటే. మట్టి అలాంటిది కాదు. అది ఊరూరికీ మారుతుంది, ఋతువుతో మారుతుంది. ఒకే బాట ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరొకలా ఉంటుంది. అందువల్ల మట్టి మీద నడిచే బండికి చక్రం ఎంపిక ఒక శాస్త్రం, దానిని సిద్ధం చేయడం ఒక కళ.

బెంగళూరు నుండి బయలుదేరిన రైలు హిందూపురం, పెనుకొండల మీదుగా ధర్మవరం చేరుతుంది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి విడివడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికుడు శ్రద్ధగా చూస్తే నేల రంగులు మారడం గమనించగలడు. ఎక్కువ మేర ఎర్రనేల. వేరుశనగ, రాగి, కంది పండే ఆ నేలలో ఇసుక పాలు హెచ్చు, బంకమన్ను పాలు తక్కువ. వాన పడగానే నీరు ఇంకుతుంది, మరునాటికే పైపొర అప్పడంలా గట్టిపడుతుంది. ఆ పొర చక్రాల క్రింద నలిగి మెత్తని ధూళి అవుతుంది. ధర్మవరం దాటి ఉత్తరంగా తాడిపత్రి వైపు పోయేకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. అది నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. తడిసినప్పుడు కాలికి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఇవి రెండూ కాక, హిందూపురం దగ్గర రాష్ట్రంలో ప్రవేశించే పెన్న, పుట్టపర్తి ప్రక్కగా పారే చిత్రావతి తమ వెంట పరచుకొన్న ఇసుక ఉంది. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఆ నదులలో నీటికంటె ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ ఇది.

ఎర్రగరప, నల్లరేగడి, ఇసుక అనే ఈ మూడు నేలల మీదా ఒకే బండిని నడపవలసి వచ్చిన రైతుకు చక్రపు సమస్య కొత్తది కాదు. రబ్బరు టైరు పుట్టక ముందే మన పల్లెల్లో చక్రానికి ‘టైరు’ ఉండేది. అదే ఇనుప పట్టా. కొయ్యచక్రం అరిగిపోకుండా కాపాడేది అదే. చక్రపు ముక్కలన్నింటినీ ఒక్కటిగా బిగించి ఉంచేదీ అదే. నడుమ నాభి, దాని నుండి వెలుపలికి ఆకులు, ఆకుల కొనలను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు, వాటి చుట్టూ ఇనుప పట్టా. ఇదీ ఎద్దులబండి చక్రపు నిర్మాణం. తరచుగా ఆకులు పన్నెండు, పూటీలు ఆరు ఉంటాయి. నల్లతుమ్మ వంటి గట్టి కలపను ఇందుకు వాడతారు. పూటీలను మేకులతో, జిగురుతో అతికించరు. పట్టా బిగువే వాటిని పట్టి ఉంచుతుంది.

ఆ బిగువు ఎలా వస్తుందో తెలుసుకుంటే కమ్మరి పనిలోని శాస్త్రం బోధపడుతుంది. ఒకటిన్నర మీటరు వ్యాసం గల చక్రాన్ని తీసుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 471 సెంటీమీటర్లు. కమ్మరి పట్టాను ఆ కొలతకు వంచడు. రెండు సెంటీమీటర్లకు పైగా తక్కువ చేసి వంచి, కొనలను అతుకుతాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ పట్టా చక్రానికి ఎక్కదు. దానిని నేల మీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఇనుము ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల భాగాలలో సుమారు 12 భాగాలు పెరుగుతుంది. అంటే 600 డిగ్రీల మేర వేడెక్కిన ఆ పట్టా సుమారు మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. ఎర్రగా కాలిన పట్టాను ఇద్దరు ముగ్గురు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద దించుతారు. కొయ్య పొగలు చిమ్ముతుంది, మంట అంటుకుంటుంది. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా కడవలతో నీళ్లు కుమ్మరిస్తారు. పట్టా కుంచించుకుపోతూ పూటీలను పూటీలలోకి, ఆకులను నాభిలోకి నొక్కుతుంది. ఆ సమయంలో కొయ్య కిర్రుమనే చప్పుడు వింటే చక్రం ‘కూర్చుంది’ అని పనివారు చెప్పగలరు. కొలతలో ఒక వేలెడు తేడా వచ్చినా పని చెడుతుంది. పట్టా వదులైతే నడిబాటలో ఊడుతుంది, మరీ బిగువైతే ఆకులు వంగి చక్రం గొడుగు తిరుగుతుంది. వ్యాకోచ గుణకమనే మాట వినని మనిషి, ఆ గుణకాన్ని చేతికొలతతో, కంటి అంచనాతో సాధించాడు. భౌతికశాస్త్ర పుస్తకంలో ఈ ఉదాహరణ ఒక్క వాక్యంలో ముగుస్తుంది. అది చాలదని నా అభిప్రాయం.

వేసవిలో ఈ చక్రానికి మరొక చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల ఎండకు కొయ్య ఎండి ముడుచుకుంటుంది, పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాలను ఊడదీసి చెరువులోనో బావి తొట్టిలోనో నానవేసేవారు. కొయ్య ఉబ్బి పట్టా మళ్లీ బిగిసేది. వాతావరణాన్ని బట్టి చక్రాన్ని సిద్ధం చేసుకోవడమంటే ఇదే. నేటి పందెపు బండ్ల వారు చేసే పనికి ఇది తాత వంటిది.

అయితే ఇనుప పట్టాకు ఒక పెద్ద లోపముంది. అది సన్నం, పైగా గట్టిది. బరువుతో కలిపి వెయ్యి కిలోల బండిని ఊహించండి. ఒక్కొక్క చక్రం మీద 500 కిలోల భారం పడుతుంది. ఐదు సెంటీమీటర్ల వెడల్పు గల పట్టా గట్టినేలపై పది సెంటీమీటర్ల పొడవున ఆనిందనుకుంటే, ఆ భారమంతా 50 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. ఎండిన ఎర్రబాట దీనిని ఓర్చుకుంటుంది, గాడి పడినా నిలుస్తుంది. తడిసిన రేగడి ఓర్చుకోదు, చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. నది ఇసుకలోనైతే ఇంకొక జత ఎడ్లను కట్టినా బండి కదలడం కష్టం.

ఈ లోపానికి పరిష్కారం గాలి రూపంలో వచ్చింది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరచే పద్ధతిని కనుగొన్నాడు. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు గాని ఆనాడు అది వ్యాప్తిలోకి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిలు కోసం దానిని మళ్లీ కనిపెట్టిన తరువాతే లోకం గాలి టైరును ఆదరించింది. మన దేశంలో ఎద్దులబండికి రబ్బరు టైర్లు తగిలించినప్పుడు, దానిని జనం ‘టైరుబండి’ అన్నారు. ఎడ్లు అవే, కాడి అదే, పేరు మాత్రం టైరుకు దక్కింది. మార్పు ఎక్కడ వచ్చిందో జనానికి బాగా తెలుసు.

గాలి టైరు చేసే ఉపకారం లెక్కలో తేలికగా కనిపిస్తుంది. లోపలి గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 3 కిలోలనుకుందాం. అదే 500 కిలోల భారాన్ని మోయడానికి టైరు సుమారు 167 చదరపు సెంటీమీటర్ల మేర నేలపై పరచుకుంటుంది. ఇనుప పట్టా ఆనిన చోటుకు ఇది మూడు రెట్లకు పైమాట. గాలి తగ్గిస్తే ఇంకా పరచుకుంటుంది, ఇంకా తక్కువ దిగబడుతుంది. ఇసుకలో చిక్కిన జీపు టైర్ల నుండి కొంత గాలి తీసి బయటపడడం అనుభవజ్ఞులైన డ్రైవర్లకు తెలిసిన ఉపాయం. అయితే గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపుకోవాలి. లేకపోతే టైరు ప్రక్కగోడలు పదే పదే మడతపడి, వేడెక్కి, పగిలిపోతాయి.

ఇక్కడ రైతుకు సంబంధించిన మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోరాదు. వేరుశనగ విత్తేది వాన పడిన వెంటనే, నేల పదునుగా ఉన్నప్పుడు. మట్టి అతి సులభంగా అణగిపోయేదీ అప్పుడే. ట్రాక్టరు టైర్లలో రోడ్డు మీది గాలినే ఉంచి పొలంలోకి దిగితే, చక్రాల జాడల క్రింద మట్టి గట్టిగా అదిమినట్లవుతుంది. ఆ జాడలో వేరు లోతుకు పోదు, తరువాతి వాన నీరు ఇంకదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఇంకని ప్రతి చుక్కా నష్టమే. కంపెనీ వారు అనుమతించిన కనిష్ఠ పీడనం వరకు గాలి తగ్గించి దున్నడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు, గేజితో ఐదు నిమిషాల పని. ట్రాక్టరు ఉన్న ఇంట ఆ గేజి ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి.

నేలకూ చక్రానికీ ఉన్న ఈ సంబంధం మిక్కిలి సూక్ష్మంగా కనిపించేది కార్టు అనే చిన్న పందెపు బండిలో. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే పనివాడు, గడ్డి కోసే యంత్రపు ఇంజనును ఇనుప గొట్టాల చట్రానికి బిగించి మొదటి కార్టును తయారుచేశాడు. నేలకు బెత్తెడు ఎత్తు కూడా లేని పీట, నాలుగు చిన్న చక్రాలు, వెనుక ఇంజను. అంతకు మించి దానిలో ఏమీ లేదు. ప్రపంచ ప్రఖ్యాత పందెగాళ్లు అయర్టన్ సెన్నా, మైకేల్ షూమాకర్ బాల్యంలో కార్టుల మీదే మొదలుపెట్టారు. మన దక్షిణదేశంలో కోయంబత్తూరు సమీపాన 2003లో ప్రారంభమైన కరి మోటార్ స్పీడ్‌వే కూడా ఈ తరహా పందేలకు పేరుపొందింది. 1995లో మరణించిన పందెపు కార్ల రూపకర్త ఎస్. కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. అది చదునైన రోడ్డు. మట్టి బాటపై కార్టు పందెం మన దేశంలో ఇంకా విరివిగా లేదు. కాని 2007లో మొదలైన బాజా ఎస్.ఏ.ఇ. ఇండియా పోటీలో ఇంజనీరింగు విద్యార్థులు తామే నిర్మించిన బండ్లను మట్టిలో, గుంటలలో, రాళ్లపై నడుపుతున్నారు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలైన కియా కర్మాగారాన్ని చూసి యంత్రవిద్యపై ఆసక్తి పెంచుకొన్న యువకులు ఈ సీమలోనూ ఉన్నారు. వారిలో ఎవరైనా రేపు మట్టిబండి కట్టదలిస్తే, వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న టైరు గురించే.

కార్టుకు టైరు ఇంత ముఖ్యం కావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మామూలు కార్టుకు స్ప్రింగులు ఉండవు. గుంట వచ్చినా గట్టు వచ్చినా దానిని మింగవలసింది చట్రపు వంపు, టైరులోని గాలి మాత్రమే. రెండవది, దాని వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఈ రెండవ కారణం వల్ల పుట్టే తమాషాను తరువాత చూద్దాం.

హిందూపురం పరిసరాల్లో బీడుభూమిలో కోడిగుడ్డు ఆకారంలో ఒక మట్టిబాట వేశారని ఊహించండి. తెల్లవారుజామున ట్యాంకరుతో నీళ్లు చల్లారు. ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఎర్రమట్టి మెత్తగా, బరువుగా ఉంటుంది. చక్రం దానిలో కొంచెం దిగుతుంది. అప్పుడు పట్టు రబ్బరు వల్ల కాక మట్టిని త్రవ్వి తన్నడం వల్ల వస్తుంది. అందుకు ఎత్తైన మొటికలు, మధ్య విశాలమైన ఖాళీలు గల టైరు కావాలి. ఆ ఖాళీలలో చిక్కిన మట్టి తిరిగే వేగానికి బయటికి విసిరివేయబడాలి. ఎర్రమట్టిలో ఇది జరుగుతుంది. ఇదే బాట నల్లరేగడిలో వేసి ఉంటే ఖాళీలు నిండిపోయి, టైరు నున్నని మట్టిముద్దగా మారుతుంది. రేగడి బాటకు మొటికలు తక్కువగా, ఖాళీలు మరింత వెడల్పుగా ఉండాలి. నిజానికి తడిసిన రేగడిలో పందెం మానుకోవడమే ఉత్తమం.

పది గంటలకు నీరు కొంత ఆరుతుంది. మట్టిని పిడికిట బిగిస్తే ముద్ద అవుతుంది గాని చేతికి అంటదు. పందెగాళ్లు కోరుకొనే స్థితి ఇదే. నేల గట్టిగానూ ఉంటుంది, జిగటగానూ ఉంటుంది. ఇప్పుడు పొట్టి మొటికలు, దగ్గర దగ్గరగా ఉన్న గాడులు చాలు. మధ్యాహ్నానికి నేల పూర్తిగా ఆరి, చక్రాల రాపిడికి నునుపెక్కి, అద్దంలా మెరుస్తుంది. పొడవు మొటికలు ఇప్పుడు పనికిరాకపోవడమే కాక హాని చేస్తాయి. గట్టినేలపై అవి ఊగుతాయి, వంగుతాయి, వేడెక్కి ముక్కలుగా రాలుతాయి. ఇక్కడ కావలసింది మెత్తని రబ్బరుతో చేసిన, గాడులు లేని లేక సన్నని చీలికలు గల టైరు. అది నేలలోని కంటికి కనిపించని ఎత్తుపల్లాలలోకి ఒదిగి పట్టుకుంటుంది. కాని ఆ నునుపు మీద ధూళి చేరితే మాత్రం రాగులు చల్లిన గచ్చుపై నడిచినట్లే. చక్రానికీ నేలకూ మధ్య వేల గోళీలు దొర్లుతాయి. అప్పుడు ఏ టైరూ పూర్తిగా కాపాడదు. నీళ్లు చల్లించాలి, లేదా చోదకుడు తన వేగం తగ్గించుకోవాలి.

రబ్బరు మెత్తదనాన్ని కొలవడానికి సూదిమొన గల చిన్న పరికరం ఉంది. షోర్ అనే కొలతలో అది సున్న నుండి నూరు వరకు చూపుతుంది. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన. కారు టైరు సుమారు 60, 70 మధ్య ఉంటే, మట్టి మీది కార్టు టైరు 40 నుండి 60 వరకు ఉండవచ్చు. మెత్తని రబ్బరు చల్లని నేలపై త్వరగా పట్టుకుంటుంది, కాని వేడినేలపై త్వరగా అలసిపోతుంది. మే నెలలో మధ్యాహ్నపు నేల అరికాలు మోపనీయదు. అటువంటి నేలపై మరీ మెత్తని టైరు నాలుగైదు చుట్లలోనే జిడ్డు తేలి జారడం మొదలుపెడుతుంది. మందంగా ఉన్న రబ్బరు వేడిని లోపలే దాచుకుంటుంది కనుక కొందరు కొత్త టైరును లేతు యంత్రంపై త్రిప్పి పైరబ్బరును పలుచగా చెక్కిస్తారు. అరిగిన టైరు పనికిరానిదని రోడ్డు మీద మనం నేర్చుకున్న పాఠం ఇక్కడ తలక్రిందులవుతుంది. గట్టి మట్టిబాటపై పలుచని టైరే చల్లగా ఉండి ఎక్కువసేపు పట్టుకుంటుంది. రోడ్డు మీద మాత్రం పాత పాఠమే సరైనది, ఎందుకంటే అక్కడ వాననీటిని త్రోసివేయడానికి గాడులు తప్పనిసరి.

టైరును సిద్ధం చేయడంలో తరువాతి మెట్టు పైపొరను గీయడం. ఒకసారి వేడెక్కి చల్లారిన రబ్బరు పైన గాజులా ఒక గట్టిపొర ఏర్పడుతుంది. దానిని గరుకు కాగితంతో రుద్ది తీసివేస్తే లోపలి తాజా రబ్బరు బయటపడుతుంది. అవసరమైతే వేడి కత్తితో సన్నని గాడులు కోస్తారు. కోసిన అంచులే నేలను కరచిపట్టుకుంటాయి. అయితే ఎక్కువ కోస్తే మిగిలిన ముక్కలు ఊగుతాయి. కోసిన గాడిని తిరిగి పూడ్చలేము కనుక తక్కువతో మొదలుపెట్టడం వివేకం.

రబ్బరును మెత్తబరచడానికి కొన్ని దేశాలలో రసాయన ద్రావణులను పూసే అలవాటు ఉంది. దీని గురించి స్పష్టంగా చెప్పాలి. టొల్యూన్, జైలీన్ వంటి ద్రావణుల ఆవిరి ఊపిరితో లోనికి పోయి తలతిరుగుడు కలిగిస్తుంది. అలవాటుగా పీలిస్తే నరాలకు హాని చేస్తుంది. చర్మం గుండా కూడా అవి దేహంలో చేరగలవు. నిప్పురవ్వ తగిలితే భగ్గున మండుతాయి. తలుపులు మూసిన గదిలో, ఉత్తచేతులతో ఈ పని చేసే యువకుడు ఒక చుట్టులో అర సెకను సంపాదించడానికి తన ఆరోగ్యాన్ని పణంగా పెడుతున్నాడు. అనేక పోటీలు వీటిని నిషేధించాయి. కొన్నిచోట్ల టైరు నుండి వచ్చే ఆవిరిని పరికరంతో పరీక్షిస్తారు కూడా. నేలకు తగిన టైరును ఎంచుకొని, గాలిని సరిగా అమర్చుకొన్నవానికి ఈ పూతల అవసరం చాలా తక్కువ.

ఆ గాలి అమరిక చూడటానికి చిన్న విషయం, చేయడానికి మాత్రం సున్నితమైనది. కారు టైరులో చదరపు అంగుళానికి 30 పౌండ్లకు పైగా గాలి ఉంటే, మట్టి మీది కార్టులో సాధారణంగా 6 నుండి 12 పౌండ్ల లోపే ఉంటుంది. బండి, మనిషి కలిసి 150 కిలోలే కనుక అది చాలు. ఉదయం 25 డిగ్రీల వేడిలో 10 పౌండ్లు నింపామనుకుందాం. పందెంలో టైరులోని గాలి 65 డిగ్రీలకు చేరితే గేజి ఎంత చూపుతుంది? గేజి చూపేది వాతావరణ పీడనానికి పైనున్నదే. వాతావరణ పీడనం 14.7 కలిపితే మొత్తం 24.7. పరమ ఉష్ణోగ్రతలో 25 డిగ్రీలంటే 298, 65 డిగ్రీలంటే 338. ఆ నిష్పత్తిలో 24.7 పెరిగి 28 అవుతుంది. మళ్లీ 14.7 తీసివేస్తే గేజి 13.3 చూపుతుంది. అంటే చక్రంలో పీడనం మూడవ వంతు పెరిగింది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నందున అక్కడి వాతావరణ పీడనం ఇంకా కొంచెం తక్కువే గాని లెక్క తీరు మారదు. పీడనం పెరిగితే టైరు మధ్యభాగం ఉబ్బి అంచులు నేలను వదులుతాయి. అందువల్ల మెళకువ గలవారు చివరికి కావలసిన పీడనాన్ని ముందు నిర్ణయించుకొని, వెనక్కు లెక్కించి, ఉదయం తక్కువ నింపుతారు. టైర్లను ఎండలో పెట్టి గాలి కొలవరు. ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ పడినా కొలత తప్పుతుంది. తేమగాలి వేడికి ఎక్కువగా ఉబ్బుతుంది కనుక కొందరు పొడి నత్రజనిని నింపుతారు.

ఇప్పుడు వెనుక ఇరుసు తమాషా. ఒక మీటరు ఎడంగా ఉన్న రెండు చక్రాలు ఒక పూర్తి చుట్టు తిరిగితే, బయటి చక్రం లోపలి చక్రంకంటె 6.28 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. చుట్టు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా అంతే ఉంటుంది. కావాలంటే వృత్తపరిధి సూత్రంతో మీరే సరిచూసుకోవచ్చు. ఎద్దులబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు కదలదు, చక్రాలు దేనికవే తిరుగుతాయి. కారులో ఈ పనిని డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె చేస్తుంది. కార్టుకు ఆ పెట్టె లేదు.

దీనికి సమాధానం ధర్మవరం జంక్షనులో ప్రతి రైలు క్రిందా ఉంది. రైలు చక్రాలు కూడా ఇరుసుకు బిగించి ఉన్నవే. కాని వాటి అంచు చదునుగా ఉండదు, లోపలివైపు లావుగా, వెలుపలికి సన్నగా వాలి ఉంటుంది. మలుపులో ఇరుసు కొంచెం వెలుపలికి జరగగానే బయటి చక్రం తన లావుభాగంపై, లోపలి చక్రం తన సన్నభాగంపై దొర్లుతాయి. ఒకే వేగంతో తిరుగుతూనే బయటిది ఎక్కువ దూరం పోతుంది. మట్టి కార్టువారు ఇదే సూత్రాన్ని మరో విధంగా వాడుకుంటారు. ఎప్పుడూ ఎడమకే తిరిగే బాటలో, కుడి వెనుక టైరును ఎడమదానికంటె చుట్టుకొలతలో కొంచెం పెద్దదిగా ఎంచుకుంటారు. మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు, చక్రాల ఎడం ఒక మీటరు అయితే రెండు చక్రాల దారుల నిష్పత్తి 20.5కు 19.5. ఎడమ టైరు చుట్టుకొలత 86 సెంటీమీటర్లైతే, కుడిది 90.4 సెంటీమీటర్లు ఉండాలని లెక్క చెబుతుంది. ఆచరణలో ఇంత తేడా పెట్టరు. బాటలో తిన్నని భాగం కూడా ఉంటుంది, అక్కడ ఈ తేడా బండిని ఎడమకు లాగుతుంది. పైగా మట్టిపై చక్రం కొంత జారుతూనే ఉంటుంది కనుక లెక్కలోని తేడా మొత్తం అవసరపడదు. తడినేలపై తేడా తగ్గించి, పట్టు గట్టిగా ఉన్న ఎండునేలపై పెంచి చూసి, బాటకు తగిన మధ్యస్థాన్ని కనుగొంటారు. కొలిచేందుకు దర్జీవాని టేపు చాలు. అయితే గాలి నింపిన తరువాతే కొలవాలి, ఎందుకంటే గాలితో చుట్టుకొలత మారుతుంది.

పందెం ముగిసిన తరువాత టైరు దగ్గరకు పోయి చూడండి. నేల ఏమి చేసిందో అది తన పైననే వ్రాసుకొని ఉంటుంది. రబ్బరు నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. రెండు అంచులు అరిగి నడుమ తాజాగా ఉంటే తక్కువైంది. నున్నగా మెరుస్తుంటే నేలకంటె రబ్బరు గట్టిది, లేదా మితిమీరి వేడెక్కింది. చిన్న చిన్న ఉండలు చుట్టుకొని చిరిగినట్లుంటే మరీ మెత్తనిది. సన్నని ఇసుక కాగితంలా ఒకే తీరున గరుకుగా ఉంటే ఎంపిక కుదిరింది. ఆ స్థితిని, నేల తడిని, గంటను, ఎండను, గాలి అంకెలను ఒక పుస్తకంలో వ్రాసుకొన్న జట్టుకు, అదే బాటపై మరుసటిసారి ఉదయం ఏ టైరుతో మొదలుపెట్టాలో, ఎన్ని గంటలకు మార్చాలో ముందే తెలిసి ఉంటుంది.